తపాలా బిళ్ల మీది ముఖం, ఖాతా పుస్తకంలో లేని వరస

1998 జనవరి 28న అమెరికా తపాలా శాఖ ఇండియానాపొలిస్ పట్నంలో 32 సెంట్ల బిళ్ల ఒకటి విడుదల చేసింది. దాని మీది ముఖం మేడమ్ సి.జె. వాకర్‌ది. నల్లజాతి వారసత్వం పేరుతో 1978 నుంచి ఏటా వేస్తూ వచ్చిన బిళ్లల వరసలో అది ఇరవయ్యొకటోది. పత్తి చేల మధ్య పుట్టి, ఊళ్లోవాళ్ల బట్టలుతికి, జుట్టుకు రాసే మందు అమ్మి, పెద్ద కంపెనీ నిలబెట్టిన ఆడమనిషికి ప్రభుత్వం చేసిన గౌరవం అది. దానికి సుమారు ఎనభై ఏళ్ల ముందు, 1919లో, ఇదే ప్రభుత్వం ఇదే మనిషికి పాస్‌పోర్టు ఇయ్యనన్నది. జాతి పేరుతో గొడవలు రేపే మనుషుల లెక్కలో సైనిక నిఘా విభాగం ఆమె పేరు రాసుకున్నది.

పాస్‌పోర్టు ఇయ్యని చేయే బిళ్ల ఎట్లా వేసింది? ఆ బిళ్ల మీదికి ఏది వచ్చింది, ఏది రాలేదు? మేము ఈ వ్యాసంలో పట్టుకున్న ప్రశ్న ఇది. అమెరికా సంగతి మనకెందుకని అడిగేవాళ్లుంటారు. 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు తమ పేరు ఎక్కడినుంచి తెచ్చుకున్నారో ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కర లేదు. పేరొక్కటే కాదు, దళిత పెట్టుబడి అనే మాట కూడా అక్కడినుంచే వచ్చింది. ఆ సంగతి కింద వస్తుంది.

వాకర్ అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబరు 23న లూసియానా రాష్ట్రం డెల్టా అనే ఊళ్లో పుట్టింది. అమ్మానాన్నలు బానిసలుగా బతికినవాళ్లు. ఆ ఇంట్లో విముక్తి తర్వాత పుట్టిన మొదటి బిడ్డ ఈమె. ఏడేళ్లకు తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. పద్నాలుగేళ్లకు పెళ్లి, ఇరవయ్యేళ్లకు వైధవ్యం, చేతిలో ఆడపిల్ల. సెయింట్ లూయిస్ పట్నం చేరి ఏళ్ల తరబడి తెల్లవాళ్ల బట్టలుతికింది. రేవులో నడుము వంచి సవుడుతో బట్టలుతికిన కులాలున్న దేశంలో ఈ జీవితం గురించి ఎక్కువ వివరించడం అనవసరం. ఉతికేవాళ్ల చేతికి సబ్బు నీళ్లు ఏం చేస్తాయో, వంగి వంగి నడుం ఏమవుతుందో మన రేవుల దగ్గర ఎవర్ని అడిగినా చెప్తారు.

ఆమె తలవెంట్రుకలు ఊడిపోతుండేవి. అప్పటికే అనీ టర్న్‌బో మలోన్ అనే నల్లజాతి ఆడమనిషి జుట్టు మందుల వ్యాపారం నడుపుతున్నది. సారా ఆమె దగ్గర ఏజెంటుగా చేరింది. 1905లో డెన్వర్ పోయి, మరుసటేడు సి.జె. వాకర్‌ను పెళ్లాడి, ఆ పేరు మీదనే సొంత సరుకు మొదలుపెట్టింది. 1910లో ఇండియానాపొలిస్‌లో కంపెనీ కుదురుకున్నది. నల్లవాళ్ల జుట్టును తెల్లవాళ్ల జుట్టులా మార్చే సరుకని ఆమె మీద అప్పుడూ విమర్శ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ విమర్శను మేము కొట్టిపారెయ్యడం లేదు. అయితే ఆ సరుకును ఇంటింటికీ మోసుకపోయిన వేలాది ఆడవాళ్ల ముందున్న దారులు రెండే: ఒకటి తెల్లవాళ్ల వంటిల్లు, రెండు తెల్లవాళ్ల బట్టల తొట్టి. ఆ రెండింటినీ తప్పించుకునే మూడో దారి వాకర్ పెట్టెలో దొరికింది. బిళ్ల మీద ఒక్క ముఖమే ఉంది. ఆ పెట్టె మోసినవాళ్లు లేరు. వ్యాపారం నేర్పిన మలోన్ కూడా లేదు.

1912లో షికాగోలో నేషనల్ నీగ్రో బిజినెస్ లీగ్ మహాసభ జరిగింది. దాని పెద్ద బుకర్ టి. వాషింగ్టన్. బానిసగా పుట్టి, నల్లవాళ్లు వ్యాపారాలు చేసి పైకి రావాలని జీవితమంతా చెప్పిన మనిషి. వాకర్‌కు మాట్లాడే అవకాశం ఇమ్మని సభలోంచే ఒకరు అడిగినా ఆయన పట్టించుకోలేదు. చివరి రోజున ఆమె లేచి నిలబడి, పత్తి చేలనుంచి వచ్చాను, బట్టల తొట్టికి వచ్చాను, వంటింటికి వచ్చాను, అక్కడినుంచి నన్ను నేనే పైకి తెచ్చుకున్నాను అని ఆ అర్థంలో చెప్పింది. మరుసటేడు ఆమెను ఆయనే వక్తగా పిలవాల్సి వచ్చింది. ప్రభుత్వాల సంగతి తర్వాత, ముందు సొంత జాతి మగ పెద్దల సభలోనే గుర్తింపు కోసం నిలబడి అరవాల్సిన పరిస్థితి. దళిత సంఘాల వేదికల మీద మన ఆడవాళ్ల కుర్చీ ఎక్కడ వేస్తారో ఎరిగినవాళ్లకు ఇది వింతగా తోచదు.

బిళ్ల పక్కన పెట్టి చూడాల్సిన ఏడాది 1917. జులై మొదట్లో ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో తెల్ల గుంపులు నల్లవాళ్ల ఇళ్లు తగలబెట్టి మనుషుల్ని చంపాయి. జులై 28న న్యూయార్క్‌లో పదివేలమంది దాకా నల్లవాళ్లు నినాదం లేకుండా, మాట లేకుండా, డప్పుల చప్పుడుతో నడిచారు. ఆగస్టు 1న ఒక బృందం తెల్లభవనానికి పోయింది. వాకర్ అందులో ఉన్నది. అధ్యక్షుడు విల్సన్ పనుల్లో ఉన్నాడు, కలవడం కుదరదని ఆయన కార్యదర్శి చెప్పి పంపాడు. అదే నెలాఖరున ఫిలడెల్ఫియాలో వాకర్ ఏజెంట్ల మహాసభ జరిగింది. రెండొందలకు పైగా ఆడవాళ్లు వచ్చారు. సరుకు అమ్మకాల గురించి మాట్లాడుకోవాల్సిన ఆ సభ, ఇట్లాంటి ఘోరాలు మళ్లీ జరగకుండా చట్టం చేయించమని విల్సన్‌కు తంతి పంపింది. అప్పట్లో వ్యాపారస్తుల సభలు ఇట్లాంటి తంతులు పంపే రివాజు లేదు.

1918 చివర యుద్ధం ముగిసింది. పారిస్ శాంతి సభకు నల్లవాళ్ల మొర వినిపించడానికి ఎన్నుకున్నవాళ్లలో వాకర్ ఒకరు, ఐడా బి. వెల్స్ ఇంకొకరు. పాస్‌పోర్టులు రాలేదు. విలియం మన్రో ట్రాటర్ మాత్రం ఓడలో వంటవాడి వేషంలో సముద్రం దాటాడు. 1919 మే 25న వాకర్ చనిపోయింది. పోయేముందు మూక హత్యల వ్యతిరేక నిధికి 5,000 డాలర్లు ఇచ్చింది. మూక హత్యను కేంద్ర నేరంగా చేసే చట్టం, ఎమ్మెట్ టిల్ పేరు మీద, 2022 మార్చి 29న వచ్చింది. అంటే బిళ్ల వచ్చిన 24 ఏళ్లకు, ఆ ఆడవాళ్లు తంతి పంపిన 105 ఏళ్లకు. ఆమె ముఖానికి గౌరవం ముందు దక్కింది. ఆమె అడిగిన దానికి జవాబు అంత ఆలస్యమైంది.

ఇంకో వాకర్ కథ కొంచెం వేరు. మాగీ లీనా వాకర్ 1864లో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో పుట్టింది. ఈమె తల్లిదీ బానిస బతుకే, తర్వాత బట్టలుతికే బతుకే. 1903లో మాగీ తన సంఘం తరఫున సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు తెరిచింది. పేరులోనే ఉంది పెన్నీ అని. ఉతికేవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు దాచుకునే చిల్లర డబ్బులతో నడిచిన బ్యాంకు. 1905లో బట్టల దుకాణం కూడా పెట్టారు. తెల్ల వర్తకులు కట్టగట్టుకుని అడ్డం పడ్డారు, 1911కల్లా అది మూతపడింది. బ్యాంకు మాత్రం నిలిచింది. 1930లో ఇతర నల్లజాతి బ్యాంకులతో కలిసి పేరు మార్చుకుని ఆ తర్వాత కూడా దశాబ్దాలు నడిచింది. 1978లో ఆమె ఇంటిని జాతీయ చారిత్రక స్థలంగా చట్టం చేశారు. 2017లో ఆ పట్నం నడిబొడ్డున విగ్రహం పెట్టారు. రిచ్‌మండ్ అంటే బానిసత్వం కోసం యుద్ధం చేసినవాళ్ల రాజధాని. వాళ్ల సేనానుల విగ్రహాలు అప్పటికి ఆ ఊళ్లో ఇంకా నిలిచే ఉన్నాయి. అట్లాంటి ఊళ్లో ఉతికేమనిషి బిడ్డ విగ్రహం నిలబడటం చిన్న సంగతి అని మేము అనం. ఊరి మధ్య అంబేద్కర్ విగ్రహం కోసం మనవాళ్లు ఎన్ని దెబ్బలు తిన్నారో తెలిసి, విగ్రహాలు ఉత్త బొమ్మలేగదా అని తేల్చెయ్యడం మాకు చేతకాదు. పాలకుర్తి దగ్గర కౌలు పొలం పంట కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన చాకలి ఐలమ్మ పేరు 2024లో హైదరాబాదు కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టినప్పుడు మాలో చాలామందికి గుండె నిండింది. మొదటితరంలో చదువుకున్నవాళ్లకు గేటు మీది పేరు విలువ తెలుసు.

అందుకే మా లెక్క బిళ్ల మంచిదా చెడ్డదా అన్నది కాదు. గౌరవానికీ ఖాతాకూ మధ్య దూరం ఎంత, ఆ దూరంలో ఎవరు జారిపోతున్నారు అన్నది.

అమెరికాలోనే చూద్దాం. వ్యాపార మహిళల దినం అని సెప్టెంబరు 22ను గుర్తిస్తూ రీగన్ 1983లో, మళ్లీ 1986లో ప్రకటనలిచ్చాడు. ఆ ప్రకటనలొచ్చిన రోజుల్లో కూడా కొన్ని రాష్ట్రాల్లో ఆడమనిషి వ్యాపారానికి అప్పడిగితే భర్తో తండ్రో సంతకం పెట్టమని బ్యాంకు అడగొచ్చు. ఆ పద్ధతికి అడ్డుకట్ట వేసింది 1988 అక్టోబరులో వచ్చిన మహిళా వ్యాపార యాజమాన్య చట్టం. ఆ చట్టం దాకా ఆడవాళ్ల వ్యాపారాల జనగణనలో పెద్ద కార్పొరేషన్లను లెక్కెయ్యనే లేదు. ప్రభుత్వ కొనుగోళ్లలో 5 శాతం ఆడవాళ్ల చిన్న సంస్థలకు పోవాలని 1994లో లక్ష్యం పెట్టారు. అది మొదటిసారి నిండింది 2015 ఆర్థిక సంవత్సరంలో. ఇరవయ్యొక్క ఏళ్లు! ఒక దినాన్ని ప్రకటించడానికి ఒక కాగితం, ఒక సంతకం చాలు. కాంట్రాక్టు ఇయ్యాలంటే ఎవడో ఒకడి చేతిలోంచి తీసి ఇయ్యాలి. ఆలస్యానికి ఇంతకు మించిన రహస్యం ఏమీ లేదు.

ఇందులో ఇంకో ముడి ఉన్నది. నల్లవాళ్ల వ్యాపారాలకు ఊతమిచ్చే ఉత్తర్వును నిక్సన్ 1969లో ఇచ్చాడు. ఆడవాళ్ల వ్యాపారాల కోసం కార్టర్ 1979లో ఇచ్చాడు. ఒకటి జాతి ఖాతా, ఒకటి ఆడవాళ్ల ఖాతా. రెండూ అయిన మనిషి ఏ ఖాతాలోకి పోవాలి? 1976లో సెయింట్ లూయిస్‌లోని కేంద్ర కోర్టు ముందుకు అచ్చం ఇదే ప్రశ్న వచ్చింది. అయిదుగురు నల్లజాతి ఆడకార్మికులు జనరల్ మోటార్స్ మీద దావా వేశారు. 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి ఆడవాళ్లను పనిలోకి తీసుకోలేదు. తర్వాత పనులు తగ్గించినప్పుడు వెనక చేరినవాళ్లనే ముందు తీసేసింది. నల్లవాళ్లుగా అడగండి, లేకపోతే ఆడవాళ్లుగా అడగండి, రెండూ కలిపి కొత్త వర్గంగా అడగడానికి వీల్లేదని కోర్టు తేల్చింది. 1989లో కింబర్లీ క్రెన్‌షా ఈ తీర్పును పట్టుకునే తన ప్రసిద్ధమైన వాదాన్ని కట్టింది. సారా బ్రీడ్‌లవ్ బట్టలుతికిన పట్నం ఇదే. తపాలా బిళ్ల మీద నల్లజాతీ ఆడతనమూ ఒకే ముఖంలో ఇమిడిపోయాయి. చట్టం పుస్తకంలో మాత్రం ఇమడలేదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 2002 జనవరి 12, 13 తేదీల్లో భోపాల్‌లో దళిత మేధావుల సమావేశం జరిగింది. మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి దిగ్విజయ్ సింగ్ అండతో 21 అంశాల ప్రకటన వెలువడింది. ప్రభుత్వం కొనే సరుకులో దళితులకు వాటా ఉండాలనే అంశం అందులో ఉంది. అది అమెరికాలో నల్లజాతి సరఫరాదారులకు వాటా ఇచ్చే పద్ధతినుంచి నేరుగా తెచ్చుకున్నది. 2005లో దళిత వాణిజ్య మండలి పూనాలో పుట్టింది. ఉద్యోగం అడిగేవాళ్లం కాదు, ఇచ్చేవాళ్లం అనేది వాళ్ల మాట. ఆ మాట మీద దళిత ఉద్యమంలో వాదులాట ఇంకా తెగలేదు. భూమి పంచకుండా, కులం పోకుండా పదిమంది కోటీశ్వరులైతే ఏం ఒరుగుతుందని ఒక పక్షం. అంగడిలోకి రానియ్యని కులానికి అంగడిలో చోటు అడగడమే తిరుగుబాటని ఇంకో పక్షం. మా మొగ్గు మొదటి పక్షం వైపే. అయినా అంగడిలో చోటు అడిగే ఆడమనిషిని వెక్కిరించే హక్కు మాకు లేదనుకుంటాం.

2013లో కల్పనా సరోజ్‌కు పద్మశ్రీ వచ్చింది, వాణిజ్యం పరిశ్రమల విభాగంలో. విదర్భలో అకోలా జిల్లా దళిత కుటుంబం. పన్నెండేళ్లకు పెళ్లి, అత్తింట్లో హింస, తండ్రి వెనక్కి తెచ్చుకున్నాడు, బొంబాయిలో కుట్టుపని. ఆ తర్వాత ఎస్సీల కోసం ఉన్న ప్రభుత్వ అప్పు తీసుకుని సొంత వ్యాపారం. ఇదంతా పత్రికల్లో వందసార్లు వచ్చిన కథే. పత్రికలు తక్కువ రాసింది కమానీ ట్యూబ్స్ గురించి. యజమానుల తగాదాల్లో మునిగిపోయిన ఆ కంపెనీని 1980ల చివర సుప్రీంకోర్టు జోక్యంతో కార్మికులే చేతుల్లోకి తీసుకున్నారు. దేశంలో కార్మికులు నడిపిన కంపెనీల్లో పేరు మోసిన ప్రయోగం అది. కొన్నేళ్లకు అదీ అప్పుల్లో కూరుకపోయింది. 2000 తర్వాత దాన్ని నిలబెట్టమని కల్పన దగ్గరికి వచ్చింది కార్మికులే. 2006లో ఆమె అధిపతి అయింది, కార్మికుల పాత బకాయిలు తీర్చింది. పద్మశ్రీ కథలో గుడిసెలోంచి మేడకెక్కిన ఒంటరి ఆడది మిగిలింది. కార్మికులు కనపడకుండా పోయారు. వాకర్ ఏజెంట్లకు జరిగిందే ఇక్కడా జరిగింది. ఒక మాట మాత్రం ఒత్తి చెప్పాలి. ఆమె బతుకు మార్చింది మెడల్ కాదు, కుట్టుమిషన్ల రోజుల్లో చేతికందిన చిన్న అప్పు.

అదే ఏడు నవంబరు 19న, ఇందిరాగాంధీ పుట్టినరోజున, వెయ్యి కోట్ల మూలధనంతో భారతీయ మహిళా బ్యాంకు తెరిచారు. కల్పనను డైరెక్టర్లలో ఒకరిగా వేశారు. 2017 ఏప్రిల్ 1న దాన్ని స్టేట్ బ్యాంకులో కలిపేశారు. మూడున్నరేళ్లు కూడా నిండలేదు. ఉతికేవాళ్ల చిల్లరతో పెట్టిన రిచ్‌మండ్ బ్యాంకు ఎన్నేళ్లు బతికిందో పైన చెప్పాం.

మన జిల్లాల్లో మార్చి 8 వస్తే సన్మానాలు జరుగుతాయి. ఒక శాలువా, ఒక మెమెంటో, ఒక ఫోటో. పిలుపు ఎవరికి పోతుందంటే పారిశ్రామికవేత్త అని కాగితం ఉన్నవాళ్లకు. మా వాడల్లో ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పది ఊళ్లు తిరిగే ఆడమనిషి, చీపుళ్లు కట్టి సంతలో అమ్మే ఆడమనిషి చేసేది యాపారమే. పెట్టుబడి ఉంది, అరువు ఉంది, వడ్డీ ఉంది, లాభనష్టాలు ఉన్నాయి. రేషను కార్డు దరఖాస్తులో మాత్రం వృత్తి అన్న చోట కూలీ అని రాస్తారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటనుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటం ముందువరసలో దళిత ఆడవాళ్లున్నారు. ఆ ఊపులోంచే పొదుపు సంఘాలు ఊరూరా పుట్టాయి. 1982లో మొదలై కుంటుతున్న డ్వాక్రా పథకానికి మన రాష్ట్రంలో ప్రాణం పోసింది ఆ పోరాటమే. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు ఆ సంఘాలను సభలకు జనంగా తోలుకపోయాయి. సారా ఆపమన్న మాట వెనక్కిపోయి, రూపాయి పొదుపు చేసే లక్ష్మి బొమ్మ ముందుకొచ్చింది. గుర్తింపు ఇట్లా కూడా వస్తుంది. అడిగింది పక్కనపెట్టి అడగంది చేతిలో పెడతారు.

ఆరో ఆర్థిక గణన 2013-14లో జరిగింది. దేశంలో ఆడవాళ్లు యజమానులుగా ఉన్న సంస్థలు సుమారు 80 లక్షల 50 వేలు, మొత్తంలో 13.76 శాతం. వాటిలో 83 శాతం జీతగాళ్లు లేకుండా సొంత రెక్కల మీద నడిచేవే. ఎస్సీ ఆడవాళ్లవి వంద సంస్థల్లో పన్నెండు చిల్లర. అంటే అక్కడ కులమూ ఆడతనమూ కలిపి లెక్కెయ్యడం చేతనైంది. ఎట్లా లెక్కెయ్యాలో రాజ్యానికి తెలవదని ఎవరూ అనలేరు.

కొనుగోళ్ల దగ్గరికి వచ్చేసరికి చేతకాకుండా పోతుంది. 2012 ఉత్తర్వు ప్రకారం కేంద్ర శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 20 శాతం చిన్న పరిశ్రమలనుంచి కొనాలి. అందులో 4 ఎస్సీ, ఎస్టీ యజమానులనుంచి. మొదటి పదేళ్లలో ఆ నాలుగు దరిదాపులకు కూడా పోలేదు. 2018లో ఉత్తర్వు సవరించి 20ని 25 చేశారు, ఆడవాళ్లకు 3 అని ఇంకో వరస కలిపారు. నాలుగు ఒక వరస, మూడు ఒక వరస. దళిత ఆడమనిషికంటూ వరస లేదు. నిక్సన్ ఉత్తర్వు, కార్టర్ ఉత్తర్వు పక్కపక్కన పెట్టి దించినట్టే ఉంది.

అప్పుల లెక్క చూస్తే ఇది ఇంకా తేటగా బయటపడుతుంది. 2016 ఏప్రిల్ 5న, బాబూ జగ్జీవన్‌రామ్ జయంతి నాడు, స్టాండప్ ఇండియా మొదలైంది. తేదీ ఎంచుకోవడంలోనే గౌరవం ఉంది. ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక ఆడమనిషికి 10 లక్షలనుంచి కోటి దాకా అప్పు ఇయ్యాలన్నది అప్పుడు పెట్టిన నియమం. 2023 మార్చి దాకా మంజూరైన లెక్క ప్రభుత్వమే ఇచ్చింది. మొత్తం ఖాతాలు 1,80,636. ఆడవాళ్లవి 1,44,787. ఎస్సీలవి 26,889. ఎస్టీలవి 8,960.

పాఠకులు ఒక్కసారి కాగితం తీసుకుని చివరి మూడూ కూడి చూడండి. సరిగ్గా 1,80,636 వస్తుంది, ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. అంటే మాదిగ ఆడమనిషి అప్పు తీసుకుంటే ఆమెను ఆడవాళ్లలో రాసినా, ఎస్సీల్లో రాసినా, ఏదో ఒక్కచోటే రాశారు. ఆడవాళ్లలో రాస్తే ఆ 1,44,787లో దళితులెంతమందో ఆ లెక్క చెప్పదు. ఎస్సీల్లో రాస్తే ఆ 26,889లో ఆడవాళ్లెంతమందో అదీ చెప్పదు. దరఖాస్తు ఫారంలో కులం గడి ఉంది, ఆడా మగా అన్న గడి ఉంది. రెండు గడులూ కలిపి లెక్క తీసి అచ్చు వెయ్యమని ఏ ప్రభుత్వ రంగ బ్యాంకునైనా సమాచార హక్కు కింద అడగడానికి దరఖాస్తు రుసుము పది రూపాయలు. జిల్లాల్లో ఉన్న మన పరిశోధక మిత్రులు తమ తమ లీడ్ బ్యాంకుల దగ్గర ఈ పని మొదలుపెట్టొచ్చు.